‘జవాత్‌ఫిచ్’ను పట్టుకోవడం: ఒక పోలిష్ క్రియను అర్థంతోనూ వాడుకతోనూ నేర్చుకునే పద్ధతి

పోలండ్‌లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లిన తెలుగువారికి మొదటి నెలలోనే పదేపదే వినిపించే క్రియ ఒకటుంది. ఇంటి యజమానురాలు హడావిడిగా బయటికి వెళ్తూ ‘ముషె త్సొశ్ జవాత్‌ఫిచ్’ అంటుంది. ఆఫీసులో పక్క బల్ల దగ్గరి సహోద్యోగి ఫోను పెట్టేసి, తృప్తిగా ‘జవత్‌ఫ్యోనె!’ అంటాడు. ప్రభుత్వ కార్యాలయం నుంచి వచ్చిన ఉత్తరంలోనూ అదే ధాతువు కనిపిస్తుంది. నిఘంటువు తెరిస్తే చేయు, ఏర్పాటు చేయు, పరిష్కరించు, సంపాదించు అని నాలుగు అర్థాలు వరుసగా ఉంటాయి. ఆ నాలుగింటినీ కంఠస్థం చేసినా, యజమానురాలు ఏం చేయడానికి వెళ్లిందో తెలియదు, మనం ఆ మాటను ఎప్పుడు వాడవచ్చో అంతకన్నా తెలియదు.

ఈ ఒక్క క్రియను మొదలుపెట్టిన చోటు నుంచి ధైర్యంగా నోట పలికే చోటు వరకు ఎలా నేర్చుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను. పోలిష్ మాటలన్నీ ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. పని మొదలుపెట్టే ముందు ఒక నోటుపుస్తకంలో ఒక పూర్తి పేజీని ఈ మాటకే కేటాయించి, వాక్యాలను ఎడమవైపు తెలుగులో, కుడివైపు పోలిష్‌లో రాసుకోండి. అర పేజీ చాలదు.

మొదట చెవికి అలవాటు చేయండి

పేజీ పైభాగాన ఈ మాటను పోలిష్ అక్షరాలతో రాసుకోండి: జెడ్, ఎ, అడ్డగీత ఉన్న ఎల్, ఎ, టి, డబ్ల్యు, ఐ, పైన వాలుగీత ఉన్న సి. ఎనిమిది అక్షరాలే అయినా, వీటిలో నాలుగు చోట్ల తెలుగువాడి నాలుక జారుతుంది.

మొదటి అక్షరం మన ‘జలం’లోని తాలవ్య జకారం కాదు. ‘రోజు’, ‘బజారు’ అనేటప్పుడు మనం పలికే దంత్య జకారానికి అది దగ్గరగా ఉంటుంది, కాకపోతే నాలుకను పళ్ల వెనుక ఆనించి గాలిని ఆపకుండా, సన్నగా జారనివ్వాలి. అడ్డగీత ఉన్న ఎల్ లకారం కానే కాదు, పెదవులు గుండ్రంగా చుట్టి పలికే వకారం. దానిని లకారంగా పలికితే విన్నవారికి మాట అందదు. డబ్ల్యు పోలిష్‌లో మామూలుగా పంటితో కింది పెదవిని తాకించి పలికే వకారమే గాని, ఇక్కడ దాని ముందు టకారం ఉంది. నాదం లేని ఆ హల్లు పక్కన చేరడం వల్ల అది కూడా నాదం పోగొట్టుకొని, గాలి ఊదినట్టుండే ఫకారమవుతుంది. కాబట్టి రాత చూసి ‘జలత్విచ్’ అని చదివేవారు రెండు తప్పులు ఒకేసారి చేస్తున్నట్టు.

చివరి అక్షరం దగ్గర మాత్రం తెలుగువారికి ఒక వరం ఉంది. పోలిష్‌లో చకారాలు మూడు రకాలు. అందులో వాలుగీత ఉన్న సి, ‘చిలుక’, ‘చీమ’ అనే మాటల్లో మనం సహజంగా పలికే మెత్తని తాలవ్య చకారానికి చాలా దగ్గర. వాలుగీత లేని సి, ‘చాప’, ‘చుట్టం’లోని దంత్య చకారానికి దగ్గర. రెండింటినీ మనం చిన్నప్పటి నుంచి తేడా తెలియకుండానే పలుకుతున్నాం గనుక, కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ. ఇలాగే మన శకార షకారాల భేదం కూడా పోలిష్‌లో అక్కరకు వస్తుంది. మెత్తని శబ్దానికి ‘శ’, గట్టిదానికి ‘ష’ అని ఈ వ్యాసంలో రాసిన చోట ఆ భేదాన్ని పాటించండి.

పోలిష్‌లో ఊనిక చాలావరకు చివరి నుంచి రెండో అచ్చు మీద పడుతుంది. అందుకే ‘జవాత్‌ఫిచ్’లో మధ్య అచ్చును బలంగా పలకాలి. ప్రత్యయం చేరి మాట పొడవైతే ఊనిక కూడా ముందుకు జరుగుతుంది. ‘జవత్‌ఫ్యోనె’లో అది ‘ఫ్యో’ మీదికి వెళ్లింది. పోలిష్ వారు పలికిన ధ్వనిముద్రణ సంపాదించి, మీ గొంతు రికార్డు చేసుకొని, రెండింటినీ ఒకదాని తరువాత ఒకటి వినండి. ఈ పనికి పది నిమిషాలు చాలు.

అర్థానికి కేంద్రం ఎక్కడుందో వెతకండి

ఒక మాటకు నిఘంటువు నాలుగు అర్థాలు ఇచ్చినప్పుడు, నాలుగింటినీ విడివిడిగా బట్టీ పట్టడం కన్నా, వాటన్నిటినీ కలిపే దారం ఏదో వెతకడం మేలు. ఈ క్రియ కడుపులో ‘వాత్‌ఫి’ అనే విశేషణం ఉంది. దానికి సులభమైన అని అర్థం. దానికే వేరొక ఉపసర్గ చేరిస్తే ‘ఉవాత్‌ఫిచ్’ అవుతుంది, అంటే సులభతరం చేయడం. ‘జవాత్‌ఫిచ్’ మాత్రం, తలకు చుట్టుకొని ఉన్న ఒక పనిని అడ్డంకులు దాటించి ఒక కొలిక్కి తేవడం, ఇక దాని గురించి ఆలోచించనక్కర లేని స్థితికి తేవడం అనే అర్థాన్నిస్తుంది.

తెలుగులో దీనికి నా దృష్టిలో అన్నిటికన్నా దగ్గరి మాట ‘చక్కబెట్టు’. ‘బ్యాంకులో చిన్న పని ఉంది, చక్కబెట్టుకొని వస్తాను’ అంటాం. ఆ పని ఏమిటో చెప్పం, ఎదుటివారూ అడగరు. యజమానురాలు అన్న ‘ముషె త్సొశ్ జవాత్‌ఫిచ్’ సరిగ్గా అలాంటి వాక్యమే. నాకొక పని ఉంది, చూసుకొని రావాలి అని భావం. ‘తెమల్చు’, ‘చూసుకొను’, ‘పని కానిచ్చు’ అనేవి కూడా సందర్భాన్ని బట్టి సరిపోతాయి. ‘పరిష్కరించు’ అనేది కార్యాలయ పత్రాలకు తగినది, వంటింట్లో నిలబడి మాట్లాడేటప్పుడు అది బరువు.

ఒక ముఖ్యమైన సంగతి గమనించండి. ఆ పనిని స్వయంగా చేశారా, ఇంకొకరి చేత చేయించారా అన్నది ఈ క్రియ చెప్పదు. తెలుగులో చేయు, చేయించు అని మనం తప్పనిసరిగా విడదీస్తాం. పోలిష్ వారు ఇక్కడ ఫలితం మీదే దృష్టి పెడతారు. కాబట్టి ‘గ్జె మోగె తొ జవాత్‌ఫిచ్?’ అనే ప్రశ్నను ‘ఇది ఎక్కడ చేయించుకోవచ్చు?’ అని అనువదించుకుంటేనే తెలుగు అవుతుంది. ఏ కార్యాలయంలో అడుగుపెట్టినా మొదట పనికివచ్చే ప్రశ్న ఇదే గనుక, దీనిని మీ పేజీలో మొదటి వాక్యంగా రాసుకోండి.

ఇంతేకాక, ఏ పనులకు ఈ క్రియ సరిపోదో కూడా పక్కనే రాసుకోవాలి. అన్నం వండడం, ఇంటిపాఠం రాయడం, గది ఊడ్చడం ‘జవాత్‌ఫిచ్’ కిందికి రావు, వాటికి వేరే క్రియలున్నాయి. ఎవరితోనో మాట్లాడవలసినది, ఎక్కడికో వెళ్లవలసినది, సంతకమో అనుమతో టికెట్టో రాబట్టవలసినది అయితేనే ఈ క్రియ కుదురుతుంది.

జంటను విడదీయకుండా నేర్చుకోండి

పోలిష్ క్రియలు చాలావరకు జంటలుగా ఉంటాయి. ఒకటి పూర్తయిన పనిని, ఫలితాన్ని చెబుతుంది. రెండోది జరుగుతున్న పనిని, అలవాటును, ప్రయత్నాన్ని చెబుతుంది. మన క్రియలో మొదటిది ‘జవాత్‌ఫిచ్’, రెండోది ‘జవాత్‌ఫ్యాచ్’. ఒకదానిని నేర్చుకొని రెండోది తరువాత చూద్దామనుకునేవారు, నెల తిరిగేసరికి ప్రతి వాక్యంలోనూ మొదటిదాన్నే వాడడానికి అలవాటుపడిపోతారు. ఆ అలవాటును వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

తేడా మనసుకు హత్తుకోవడానికి ఈ ఒక్క వాక్యం చాలు: ‘జవత్‌ఫ్యావెమ్ తొ త్సావి జెఞ్ ఇ న్యె జవత్‌ఫీవెమ్.’ ఒకే క్రియ జంటలోని రెండు రూపాలూ ఇందులో ఉన్నాయి. మక్కికి మక్కి తెలుగు చేస్తే ‘రోజంతా చక్కబెట్టాను, చక్కబెట్టలేదు’ అని అర్థం లేకుండా తయారవుతుంది. నిజానికి ఆ వాక్యం చెప్పేది, ‘రోజంతా ఆ పని మీదే తిరిగాను, కానీ పని కాలేదు’ అని. మొదటి రూపం తిరుగుడును చెప్పింది, రెండో రూపం ఫలితం రాలేదని చెప్పింది. దీనిని ఇరవై సార్లు గట్టిగా చదవండి. వ్యాకరణ పుస్తకంలో నాలుగు పేజీలు చదివినా రాని పట్టు దీనితో వస్తుంది.

తెలుగువారు ప్రత్యేకంగా జాగ్రత్త పడవలసిన చోటు భవిష్యత్కాలం. మన ‘చూసుకుంటాను’ అనే రూపం అలవాటుకూ భవిష్యత్తుకూ ఒక్కటే. ‘ఇంట్లో ఈ పనులన్నీ నేనే చూసుకుంటాను’ అంటే అలవాటు. ‘రేపు చూసుకుంటాను’ అంటే భవిష్యత్తు. పోలిష్‌లో ఈ రెండూ వేరుపడతాయి. మొదటిదానికి ‘జవాత్‌ఫ్యామ్’, రెండోదానికి ‘జవాత్‌ఫ్యె’. ఎవరైనా ‘ఆ కాగితాల సంగతి ఏమైంది?’ అని అడిగినప్పుడు మీరు ‘జవాత్‌ఫ్యామ్’ అంటే ‘ఆ పనిలోనే ఉన్నాను’ అని అర్థం, ‘జవాత్‌ఫ్యె’ అంటే ‘పూర్తి చేస్తాను’ అని మాట ఇచ్చినట్టు. మాట ఇవ్వదలచుకోని చోట రెండోది అనకండి.

భవిష్యత్తును సూచించే ‘బెండె’ అనే సహాయక క్రియను ‘జవాత్‌ఫ్యాచ్’తోనే కలపాలి. ‘బెండె జవాత్‌ఫిచ్’ అనేది పోలిష్‌లో లేదు. మొదలుపెట్టడం, ముగించడం, కొనసాగించడం అనే అర్థం గల క్రియల తరువాత కూడా ‘జవాత్‌ఫ్యాచ్’ మాత్రమే వస్తుంది. ఒక పనిని వద్దని చెప్పేటప్పుడు సాధారణంగా ‘న్యె జవాత్‌ఫ్యాయ్’ అంటారు, చేయమని చెప్పేటప్పుడు ‘జావత్‌ఫ్’ అంటారు.

భూతకాలంలో ఇంకొక మెలిక ఉంది. తెలుగులో ‘చక్కబెట్టాను’ అని పురుషుడు అన్నా స్త్రీ అన్నా ఒకే రూపం. పోలిష్‌లో పురుషుడు ‘జవత్‌ఫీవెమ్’ అనాలి, స్త్రీ ‘జవత్‌ఫీవామ్’ అనాలి. మీ నోటుపుస్తకంలో మీకు వర్తించే రూపాన్నే పెద్దక్షరాలతో రాసుకోండి, ఎందుకంటే రోజూ పలకవలసినది అదే. రెండో రూపం చెవికి తెలిస్తే చాలు.

పక్కన చేరే మాటలను విభక్తితో సహా రాసుకోండి

ఈ క్రియకు అతి దగ్గరి చుట్టం ‘స్ప్రావా’ అనే నామవాచకం. వ్యవహారం, సంగతి, పని అని దాని అర్థాలు. ఈ క్రియకు కర్మగా వచ్చినప్పుడు అది ‘స్ప్రావె’ అవుతుంది: ‘జవాత్‌ఫిచ్ స్ప్రావె.’ వాక్యం వ్యతిరేకార్థంలోకి మారితే కర్మ కూడా రూపం మార్చుకొని షష్ఠీ విభక్తిలోకి వెళ్తుంది: ‘న్యె జవత్‌ఫీవెమ్ స్ప్రావి.’ తెలుగులో ‘పని చక్కబెట్టాను’, ‘పని చక్కబెట్టలేదు’ అన్నప్పుడు ‘పని’ అనే మాట కదలదు, దానికి ‘ని’ ప్రత్యయం కూడా అక్కరలేదు. ఈ అలవాటు వల్లనే పోలిష్ మాట్లాడేటప్పుడు మనవారు నామవాచకాన్ని నిఘంటువులో ఉన్నట్టే వదిలేస్తారు. అందువల్ల ‘స్ప్రావా’ అని ఒంటరిగా రాసుకోకండి. అవునన్న వాక్యం ఒకటి, కాదన్న వాక్యం ఒకటి జతగా రాసుకోండి.

ఎవరి కోసం చేశారో వారికి చతుర్థీ విభక్తి వస్తుంది. ఇది మన ‘కి’, ‘కు’ లాంటిదే గనుక కష్టం కాదు. ‘జావత్‌ఫ్ మి బిలెత్’ అంటే ‘నాకొక టికెట్ సంపాదించిపెట్టు’ అని. స్నేహితుల మధ్య ఇలా అనవచ్చు, కొత్తవారితో అనకూడదు. ‘జవత్‌ఫీవెమ్ బ్రాతు ప్రాత్సె’ అనే వాక్యం చూడండి. ‘బ్రాత్’ అంటే సోదరుడు, ‘బ్రాతు’ అంటే సోదరుడికి, ‘ప్రాత్సా’ అంటే ఉద్యోగం. మన ఊళ్లలో ‘తమ్ముడికి ఉద్యోగం వేయించాను’ అంటారే, సరిగ్గా అదే భావం. ఆ తెలుగు వాక్యంలో పలుకుబడి వాసన ఎంత ఉందో, పోలిష్ వాక్యంలోనూ అంతే ఉంది.

ఎక్కడ, ఎలా అనే వివరాలకు వాడే పదబంధాలను ఉన్నవి ఉన్నట్టుగా, ముక్కలు చేయకుండా పట్టుకోవాలి. కార్యాలయంలో అంటే ‘వుజెంజె’, బ్యాంకులో అంటే ‘వ్ బాంకు’. తపాలా కార్యాలయానికి మాత్రం ‘నా పొచ్‌చె’ అని వేరే ఉపపదం వస్తుంది, దానికి కారణం వెతకడం కన్నా అలవాటు చేసుకోవడం నయం. అప్పటికప్పుడే, ఇంకోసారి తిరగనవసరం లేకుండా పని అయిందంటే ‘ఒద్ రెంకి’ అంటారు. ‘రెంకా’ అంటే చేయి, మాట మాటగా చూస్తే ‘చేతి నుంచి’ అని. తెలిసినవారి ద్వారా అయిందంటే ‘పొ జ్నయొమోశ్చి’.

నామవాచక రూపం ‘జవత్‌ఫ్యేన్యె’. ఇది రెండు పలుకుబడుల్లో తప్పక అవసరమవుతుంది. ‘మామ్ త్సొశ్ దొ జవత్‌ఫ్యేన్యా’ అంటే ‘నాకు చక్కబెట్టుకోవలసిన పని ఒకటుంది’ అని మర్యాదగా తప్పుకోవడం. ‘న్యె దొ జవత్‌ఫ్యేన్యా’ అంటే ‘అది అయ్యే పని కాదు’ అని.

‘శె’ దగ్గర ఆగి ఆలోచించండి

ఈ మాట నేర్చుకునే తెలుగువారికి అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఇక్కడే ఉంది. ప్రమాదానికి మూలం మన భాషలోనే ఉంది కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టండి.

తెలుగులో చాలా క్రియలకు ‘కొను’ చేర్చి, ఆ పని ఫలం కర్తకే చెందుతుందని చెబుతాం. వండాను, వండుకున్నాను. చూశాను, చూసుకున్నాను. చక్కబెట్టాను, చక్కబెట్టుకున్నాను. పోలిష్ వ్యాకరణం చదవడం మొదలుపెట్టగానే ‘శె’ అనే ఆత్మార్థక పదం కనిపిస్తుంది. స్నానం చేసుకోవడం, బట్టలు వేసుకోవడం, పేరు పెట్టి పిలిపించుకోవడం వంటి చోట్ల అది వస్తుంది గనుక, ‘శె’ అంటే మన ‘కొను’ అని సహజంగానే అనుకుంటాం. ఆ లెక్కన ‘నా పని చూసుకున్నాను’ అని చెప్పడానికి ‘జవత్‌ఫీవెమ్ శె’ అనేస్తాం.

కానీ ‘జవాత్‌ఫిచ్ శె’ అంటే మలమూత్ర విసర్జన చేయడం. పెంపుడు కుక్క గురించి, చిన్న పిల్లల గురించి, ఆసుపత్రిలో రోగి గురించి పోలిష్ వారు మామూలుగా వాడే మాట అది. తెలుగులో కాలకృత్యాలు తీర్చుకోవడం అన్నట్టే, నేరుగా చెప్పకుండా ‘పని’ పేరుతో చెప్పే పద్ధతి. సందర్భం సరైనదైతే అందులో అసభ్యత లేదు. కానీ వీసా కాగితాల గురించి మాట్లాడుతూ ఆ ‘శె’ ఒక్కటి చేర్చితే, ఎదుటివారు ఏమీ అనలేక చూపు తిప్పుకుంటారు. తప్పు ఏమిటో మీకు ఎవరూ చెప్పరు కాబట్టి అది అలాగే కొనసాగుతుంది.

మన ‘కొను’కు ఇక్కడ సరైన జవాబు ‘సొబ్యె’. అది కూడా ఆత్మార్థకమే, కాకపోతే చతుర్థీ రూపం, అంటే ‘తనకు’, ‘తన కోసం’ అని. ‘జవత్‌ఫీవెమ్ సొబ్యె బిలెత్’ అంటే ‘నాకొక టికెట్ సంపాదించుకున్నాను’ అని. దీనిని గుర్తుంచుకోవడానికి ఒక పరీక్ష ఉంది. తెలుగు వాక్యంలో ‘కొను’ తీసేసి దాని బదులు ‘నా కోసం’ అని పెట్టి చూడండి. అర్థం చెడకపోతే పోలిష్‌లో ‘సొబ్యె’ పడుతుంది. ‘నా కోసం టికెట్ సంపాదించాను’ అనడంలో తప్పు లేదు. అందుకే ‘సొబ్యె’.

ఇంకొక అయోమయం ఉంది. ‘తొ శె దా జవాత్‌ఫిచ్’ అనే వాక్యంలో కూడా ‘శె’ ఉంది, కానీ అది మన క్రియకు చెందినది కాదు, ‘దా’ అనే క్రియకు చెందినది. ‘దా శె’ రెండూ కలిసి ‘వీలవుతుంది’ అని అర్థమిస్తాయి. వాక్యం మొత్తానికి అర్థం ‘అది అయ్యే పనే’ అని. ‘శె’ ఎక్కడ కనిపించినా అది ఏ క్రియను ఆశ్రయించిందో ముందు తేల్చుకోండి. నోటుపుస్తకంలో ‘శె’ నుంచి దాని క్రియకు బాణం గీయడం అలవాటు చేసుకుంటే ఈ గందరగోళం ఒక వారంలో తొలగిపోతుంది.

మనిషి కర్మ అయినప్పుడు అర్థం మారుతుందని కూడా తెలిసి ఉండాలి. ‘జవత్‌ఫీలి గొ’ అంటే ‘వాడి పని పట్టారు’ అని, సందర్భాన్ని బట్టి ‘వాడిని మట్టుపెట్టారు’ అని కూడా. ‘ఆలె మ్న్యె జవత్‌ఫీవెశ్’ అంటే ‘నన్ను భలే ఇరికించావు’ అని నిష్ఠూరం. ఇవి వింటే అర్థమైతే చాలు, మీరు వాడనక్కరలేదు.

మాట వెనుక ఉన్న కాలాన్ని తెలుసుకోండి

ఈ క్రియకు ఉన్న పలుకుబడి వాసన ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే, దానిని ఎప్పుడు దాచుకోవాలో తెలియదు. 1989కి ముందు, కమ్యూనిస్టు పాలనలో పోలండ్‌లో సరుకుల కొరత తీవ్రంగా ఉండేది. 1976లో చక్కెరకు రేషన్ కార్డులు వచ్చాయి, 1981లో మాంసానికి కూడా వచ్చాయి. మాంసం రేషన్ 1989 వరకు సాగింది. చేతిలో డబ్బున్నా దుకాణంలో సరుకు లేనప్పుడు, కొనడం అనే క్రియకు విలువ తగ్గిపోతుంది. ‘కూపిచ్’ అంటే కొనడం. ఆ రోజుల్లో ఒక మంచి బూట్ల జతో, చంటిపిల్లల వస్తువో, ఇంటి మరమ్మతుకు సిమెంటో ఇంటికి వచ్చిందంటే, దానిని కొన్నారనడం కన్నా ‘జవాత్‌ఫిచ్’ చేశారనడమే సరైన మాట. దుకాణంలో తెలిసిన మనిషి ‘స్పొద్ లాది’, అంటే బల్ల కింద నుంచి తీసి ఇచ్చి ఉండాలి. పరిచయం, ఓపిక, ఎదురుసాయం, క్యూలో గంటలు, ఇవన్నీ ఆ ఒక్క క్రియలో ఇమిడిపోయాయి.

ఆ కాలం పోయినా, మాటలో దాని నీడ మిగిలింది. ‘ఉద్యోగం దొరికింది’ అనే అర్థంలో ఒకరు ‘సొబ్యె’తో ఈ క్రియను వాడితే, విన్నవారికి ‘ఎవరి ద్వారా?’ అనే ప్రశ్న మనసులో మెదలవచ్చు. పరీక్ష గట్టెక్కడం గురించి ఈ క్రియను వాడితే అనుమానం ఇంకా పెరుగుతుంది. మీరు కష్టపడి సాధించిన దానికి ఈ క్రియ వాడకండి.

ఇదే మాట చట్టంలో ఎంత గంభీరంగా నిలబడిందో కూడా చూడాలి. 1960 జూన్ 14 నాటి పరిపాలనా విధాన స్మృతి పోలండ్‌లో, ఎన్నో సవరణలతో, ఇప్పటికీ అమలులో ఉంది. దానిలోని 35వ అధికరణం, ప్రభుత్వ సంస్థలు వ్యవహారాలను అనవసర జాప్యం లేకుండా ‘జవాత్‌ఫ్యాచ్’ చేయాలని ఆదేశిస్తుంది. విచారణ అవసరమైన వ్యవహారానికి ఒక నెల, ప్రత్యేకంగా చిక్కుపడిన దానికి రెండు నెలలు అని గడువు కూడా పెట్టింది. ఇది ఎప్పటికీ వర్తించే సాధారణ బాధ్యత గనుక చట్టం జంటలోని రెండో రూపాన్ని ఎంచుకుంది. ఆ గడువులను చెప్పే వాక్యంలో ‘జవత్‌ఫ్యేన్యె’ అనే నామవాచకం వస్తుంది. పైరవీని సూచించే మాటే న్యాయమైన పరిష్కారాన్ని కూడా సూచించడం వింతగా తోచవచ్చు గాని, రెండింటిలోనూ కేంద్రం ఒక్కటే: పని కొలిక్కి రావడం. దారి ఏదన్నది పక్కనున్న మాటలు చెబుతాయి.

నివాస అనుమతి కార్డు కోసం ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లే తెలుగు విద్యార్థికి ఈ రెండు నీడల మధ్య తేడా నిజంగా అవసరం. కిటికీ దగ్గర ‘గ్జె మోగె తొ జవాత్‌ఫిచ్?’ అని అడగడంలో ఏ దోషమూ లేదు. రాతపూర్వకంగా ‘ప్రోషె ఒ జవత్‌ఫ్యేన్యె మొయెయ్ స్ప్రావి’ అని రాయవచ్చు, ‘నా వ్యవహారాన్ని పరిష్కరించవలసిందిగా కోరుతున్నాను’ అని దాని భావం. కానీ ‘అది అయ్యే పనేనా?’ అనే అర్థంలో వాక్యం కట్టి, అందులో ‘యాకొశ్’ అనే చిన్న మాటను, అంటే ‘ఏదోలా’ అనే మాటను చేర్చకండి. మన దగ్గర ‘ఏదో ఒకటి చూడండి సార్’ అంటే ఎదుటివారికి ఏం స్ఫురిస్తుందో, అధికారి ముందు ‘యాకొశ్ జవాత్‌ఫిచ్’ అంటే పోలండ్‌లోనూ అదే స్ఫురించే వీలుంది. లంచం ప్రతిపాదన అక్కడ నేరం. భాష సరిగా రాకపోవడం వల్ల అలా అన్నానని తరువాత వివరించుకోవడం సులభం కాదు.

నిఘంటువును, నిజమైన వాక్యాలను ఎదురెదురుగా పెట్టండి

ఇంతవరకు వచ్చాక, పోలిష్ నుంచి పోలిష్‌కు ఉన్న నిఘంటువు తెరవండి. క్రాకుఫ్ నగరంలోని, పోలిష్ విజ్ఞాన అకాడమీకి చెందిన పోలిష్ భాషా సంస్థ రూపొందిస్తున్న మహానిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ప్రతి అర్థానికీ ఉదాహరణలు, పక్కన చేరే మాటలు, రూపాల పట్టిక అందులో ఉంటాయి. అన్నీ చదవనక్కరలేదు. ‘పక్కన చేరే మాటలు’ అనే భాగం నుంచి మీ జీవితానికి పనికొచ్చే అయిదింటిని ఎంచుకొని పేజీలో రాసుకోండి.

ఆ తరువాత పోలిష్ జాతీయ భాషా భాండాగారంలో వెతకండి. పత్రికలు, పుస్తకాలు, సంభాషణల నుంచి సేకరించిన కోట్ల కొద్దీ మాటలు అందులో ఉన్నాయి. మన క్రియలోని ఒక్కొక్క రూపాన్ని టైపు చేసి, వచ్చిన వాక్యాల్లో మొదటి ముప్ఫైని చదివి, ప్రతిదానిలో కర్మ ఏమిటో గీత గీయండి. ముప్ఫై వాక్యాలు చదివేసరికి ‘స్ప్రావా’ ఎంత తరచుగా వస్తుందో, మనిషి ఎంత అరుదుగా కర్మ అవుతాడో మీ కళ్లకే కనిపిస్తుంది. అర్థం కాని వాక్యాలను వదిలేయండి.

చివరగా మీ సొంత వాక్యాలు రాయండి

అనువాదం కోసం వాక్యాలు కల్పించుకోకండి. ఈ వారం మీరు నిజంగా చేసిన, చేయవలసిన పనుల జాబితా తీసుకోండి: బ్యాంకు ఖాతా, ఇంటి ఒప్పందం, సిమ్ కార్డు, విశ్వవిద్యాలయంలో సంతకం, హైదరాబాద్‌కు టికెట్. ఒక్కొక్క పనికి మూడు వాక్యాలు రాయండి. పని మీద తిరుగుతున్నానని ‘జవాత్‌ఫ్యామ్’తో ఒకటి, పూర్తయిందని భూతకాలంలో ఒకటి, కాలేదని షష్ఠీ విభక్తితో ఒకటి. అయిదు పనులకు పదిహేను వాక్యాలవుతాయి. వాటిని పోలిష్ తెలిసిన ఒకరికి చూపించి, ‘వ్యాకరణం సరిగా ఉందా?’ అని మాత్రమే కాక, ‘మీరు ఇలాగే అంటారా?’ అని కూడా అడగండి. రెండో ప్రశ్నకు వచ్చే జవాబులే విలువైనవి. ‘తప్పు కాదు గాని మేమిలా అనం’ అన్న ప్రతి వాక్యాన్నీ కొట్టివేసి, వారు చెప్పిన వాక్యాన్ని పక్కన రాసుకోండి.

పేజీని మూడో రోజు, పదో రోజు, నెల తరువాత మళ్లీ తెరవండి. తెరిచిన ప్రతిసారీ ముందు కుడివైపు ఉన్న పోలిష్‌ను చేత్తో మూసి, ఎడమవైపు తెలుగు వాక్యం చూసి గట్టిగా చెప్పండి. ‘నాకొక టికెట్ సంపాదించుకున్నాను’ అన్న చోట ఆలోచించకుండానే ‘సొబ్యె’ వచ్చేవరకు ఈ క్రియకు ఇచ్చిన పేజీని తిప్పకండి. వచ్చిన రోజున, ఎవరైనా మిమ్మల్ని ఆ కాగితాల సంగతి అడిగితే, ‘అయిపోయింది’ అనడానికి ఒక్క మాట చాలు: ‘జవత్‌ఫ్యోనె.’